సగం ఖాళీ వ్యాగన్లు, సున్నాల లెక్క

చీపురుపల్లి స్టేషన్లో రైలు కోసం కూర్చున్నవాళ్లు చాలామంది ఈ వింత గమనించే ఉంటారు. బొగ్గు గూడ్సు వెళ్తుంటే ప్రతి వ్యాగను మీదా నల్లటి గుట్ట లేచి ఉంటుంది. అదే ఖనిజం గూడ్సయితే వ్యాగన్లు ఖాళీగా పోతున్నట్టే ఉంటాయి. ఓవర్‌బ్రిడ్జి ఎక్కి కిందికి చూస్తేగానీ అడుగున పరిచినట్టున్న రాళ్లు కనబడవు. చిన్నప్పుడు నేనిది దొంగతనమే అనుకున్నాను. దారిలో ఎవరో సగం దింపేసుకున్నారు, రైలువాళ్లు చూసుకోలేదు అని.

తర్వాతెప్పుడో అంకెలు తెలిశాయి. మన పట్టాల మీద ఎక్కువగా తిరిగిన బాక్స్‌ఎన్ రకం వ్యాగను లోపలి చోటు సుమారు 56 ఘన మీటర్లు. మొదట్లో దానికి పెట్టిన మోత 58 టన్నులు. 58ని 56తో భాగించండి. ఘన మీటరుకు టన్ను, పైన కొంచెం. అంటే ఆ వ్యాగను బొగ్గు ఒంటికి కొలిచి కుట్టించిన చొక్కా. బొగ్గు కుప్ప ఘన మీటరుకు టన్ను కన్నా కాస్త తక్కువే తూగుతుంది కాబట్టి గుట్టగా పోసినా మోత దాటదు. మాంగనీసు ఖనిజం కుప్ప ఘన మీటరుకు రెండున్నర టన్నుల దగ్గర ఉంటుంది. 58 టన్నులు పోయాలంటే 23, 24 ఘన మీటర్లు చాలు. సగం కూడా నిండదు. దొంగ ఎవరూ లేరు, ఉన్నది సాంద్రత.

సాంద్రత అన్న మాట బడిలో వింటాం, పరీక్షలో రాస్తాం, మరిచిపోతాం. కానీ ఇది మనవాళ్లకి కొత్త లెక్కేం కాదు. పాతకాలం ఇళ్లలో కొలతకి ఒక వరుస ఉండేది: గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. తూకానికి ఇంకో వరుస: పలం, ఏబులం, పదలం, అరవీశె, వీశె, మణుగు. ధాన్యం కుంచాల్లో కొలిచేవారు, బెల్లం, చింతపండు వీశెల్లో తూచేవారు. ఒక కుంచం ఎన్ని వీశెలు అని అడిగితే ఏ ముసలమ్మయినా ఎదురు ప్రశ్న వేసేది: ‘‘ఏటి కుంచం? వడ్లా, బియ్యమా, ఉప్పా?’’ ఆ ఎదురు ప్రశ్నలోనే సాంద్రత అంతా ఉంది. కొలతని తూకంలోకి మార్చాలంటే సరుకు పేరు తెలియాలి. ప్రతి సరుక్కీ ఒక మారకం రేటు ఉంటుంది. డాలర్లని రూపాయల్లోకి మార్చినట్టే.

ఇక ఆ రాయి సంగతి. గరివిడి, గర్భాం, కోడూరు చుట్టుపక్కల పొలాల గట్ల మీద కూడా ఒక్కోసారి నల్లటి ముక్కలు దొరుకుతాయి. చేతిలోకి తీసుకోగానే చెయ్యి కొంచెం కిందికి దిగుతుంది. కన్ను ఊహించిన బరువు ఒకటి, చేతికి తగిలింది ఇంకొకటి. నా బల్ల మీద కాగితాలకు బరువుగా ఉన్న ముక్క అలాంటిదే. కూరల కొట్టు కాటా మీద 900 గ్రాములు తూగింది. ఒక గిన్నె నిండా అంచుదాకా నీళ్లు పోసి, కింద పళ్లెం పెట్టి, ముక్కని దారంతో కట్టి మెల్లగా దించితే పళ్లెంలోకి పొర్లినవి 200 మిల్లీలీటర్లు. ఒక టీ గ్లాసు, దాని మీద కాస్త. 900ని 200తో భాగిస్తే 4.5. నీళ్లకి నాలుగున్నర రెట్లు. మామూలు గులకరాయితో ఇదే పని చేస్తే 2.6, 2.7 దగ్గర ఆగుతుంది. ఆ తేడానే చెయ్యి పసిగట్టింది.

ఇదే రాళ్లు కుప్ప పోస్తే రెండున్నర ఎందుకయింది? మధ్యలో గాలి కాబట్టి. కుప్పలో దాదాపు సగం చోటు గాలిదే. అందుకని సాంద్రత అన్నప్పుడు ముక్కదా, కుప్పదా అని ముందే తేల్చుకోవాలి. ఇది తేల్చుకోకుండా యూనిట్లు మార్చడం మొదలుపెడితే లెక్క తప్పకుండానే జవాబు తప్పుతుంది.

గరివిడి పక్క శ్రీరాంనగర్ ఫెర్రో ఎల్లాయ్స్ కొలిమి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఖనిజంలో మాంగనీసుతో కలిసి ఉన్న ఆక్సిజన్‌ని కొలిమిలో కార్బన్ లాగేస్తుంది. మిగిలిన ఫెర్రోమాంగనీసు ఘన సెంటీమీటరుకు 7 గ్రాములు దాటుతుంది. అసలు బరువు తగ్గింది, సాంద్రత పెరిగింది. ‘బరువైనది’ అన్న మాటని మనం రెండు అర్థాల్లో వాడేస్తాం కాబట్టి ఈ వాక్యం మొదటిసారి చదివినప్పుడు తప్పులా కనిపిస్తుంది.

మన 4.5కి మళ్లీ వద్దాం. ఘన సెంటీమీటరుకు 4.5 గ్రాములన్నా, లీటరుకు 4.5 కిలోలన్నా, ఘన మీటరుకు 4.5 టన్నులన్నా ఒకటే. అంకె మారదు. పైన వెయ్యి రెట్లు పెంచితే కిందా వెయ్యి రెట్లు పెరుగుతోంది మరి. కానీ పుస్తకాలు ఇష్టపడే కొలమానం ఘన మీటరుకు కిలోలు. అందులో ఇదే రాయి 4500. నీళ్లు 1000. ఈ వెయ్యి ఊరికే వచ్చింది కాదు. 1795లో ఫ్రాన్సులో గ్రాముని నిర్వచించినప్పుడు ఘన సెంటీమీటరు నీళ్ల బరువే గ్రాము అన్నారు. అందుకే ఆ కొలమానంలో నీళ్లు చక్కగా 1 దగ్గర కూర్చున్నాయి. పౌండ్లూ అడుగుల లెక్కలో అదే నీళ్లు ఘనపుటడుగుకు 62.4 పౌండ్లు, మన రాయి 281. ఎవరి నిర్వచనం నీళ్లకి దగ్గరగా ఉంటే వాళ్ల లెక్క హాయి.

యూనిట్ల మార్పిడిలో జనం ఎక్కువగా జారిపడేది భాగహారంలో కాదు, ఘనంలో. మీటరుకి వంద సెంటీమీటర్లు కదా అని ఘన మీటరుకి వంద ఘన సెంటీమీటర్లు వేసేస్తారు. మేడ మీద వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు ఉంటే దాన్ని ఒకసారి తలెత్తి చూడండి. ఇంచుమించు ఘన మీటరు అంతే. లీటరుకి వెయ్యి చొప్పున అందులో పది లక్షల ఘన సెంటీమీటర్లు పడతాయి. పొడవు వంద రెట్లయితే చోటు వంద, మళ్లీ వంద, మళ్లీ వంద రెట్లు. ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకుంటే చుక్కల దాకా వెళ్లొచ్చు. జారితే ఇసుక ట్రాక్టరు దగ్గరే నష్టపోతాం.

ఇసుక సంగతి ఎలాగూ వచ్చింది, అది కాస్త వివరంగా చెప్పాలి. ఇల్లు కట్టిన ప్రతివాడికీ అనుభవమే. మన దగ్గర ఇసుక బేరం ఎన్నో ఏళ్లు ‘యూనిట్’లో నడిచింది. యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు, అంటే 2.83 ఘన మీటర్లు. 2019 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన విధానంలో ధర టన్నుకి 375 రూపాయలు అన్నారు. రేవుల్లో, స్టాక్ యార్డుల్లో, మేస్త్రీల మధ్య ఒకటే ప్రశ్న: యూనిట్ అంటే ఎన్ని టన్నులు? కుంచం ఎన్ని వీశెలన్నట్టే. ఎండిన ఏటి ఇసుక ఘన మీటరుకు ఇంచుమించు 1.6 టన్నులు. 2.83ని 1.6తో హెచ్చిస్తే నాలుగున్నర టన్నులు. చాలామంది మేస్త్రీల నోట్లో ఉన్న అంకె ఇదే.

కానీ నాగావళి నుంచి తీసిన ఇసుక ఎండి ఉండదు. ఇక్కడే చిత్రం. ఇసుకకి కాస్త తడి తగిలితే, అంటే నూటికి ఐదు పాళ్ల నీళ్లు చేరితే, ఇసుక ఉబ్బుతుంది. రేణువు పెరగదు. రేణువు చుట్టూ పట్టిన సన్నటి నీటి పొర పక్క రేణువుని దగ్గరికి రానివ్వదు. సన్న ఇసుకైతే నాలుగో వంతు దాకా ఉబ్బేస్తుంది. అదే ఇసుక నిండా మునిగేంత నీళ్లు పోస్తే పొరలు తెగిపోయి మళ్లీ కిందికి దిగిపోతుంది. తెలిసిన మేస్త్రీలు బకెట్టుతో పరీక్ష చేస్తారు. తడి ఇసుక బకెట్లో 20 సెంటీమీటర్లు వచ్చేదాకా వదులుగా పోసి, నీళ్లు నింపి, కర్రతో కలిపి కాసేపు ఆగితే 16 సెంటీమీటర్ల దగ్గర నిలబడుతుంది. ఆ నాలుగు సెంటీమీటర్లకీ మనం డబ్బులిచ్చాం.

ఎంత డబ్బు? యూనిట్ లెక్కన తడి ఇసుక కొంటే 2.83 ఘన మీటర్లలో అసలు ఇసుక చోటు 2.26 మాత్రమే. దాన్ని 1.6తో హెచ్చిస్తే 3.6 టన్నులు. నాలుగున్నర అనుకుని ఐదో వంతు పోగొట్టుకున్నాం. టన్నుల లెక్కన కొంటే? టన్నుకి యాభై కిలోల లోపు నీళ్లు. నష్టం నూటికి ఐదు. తూకం కాటా పెట్టగానే ‘‘తడి ఇసక బాబూ, తూకం ఎక్కువ వస్తాది, నీళ్లకి డబ్బులు కడతన్నాం’’ అని రేవు దగ్గర గొణిగినవాళ్లు ఉన్నారు. నిజమే, నీళ్లకి కట్టారు. యూనిట్ లెక్కలో కట్టినది గాలికి, అదీ నాలుగు రెట్లు. గాలికి కట్టిన డబ్బు కంటికి కనపడదు కాబట్టి ఎవరూ గొణగలేదు. మా ఇంటి పునాదికి నేనూ గాలిని బాగానే కొన్నాను.

మన చుట్టూ సాంద్రతని అంకెగా చదివే వృత్తులు ఇంకా ఉన్నాయి, ఒక్కొక్కరిదీ ఒక్కో మాండలికం. పాల కేంద్రంలో లాక్టోమీటరు ముంచి ‘‘ఇరవై ఎనిమిది’’ అంటారు. అంటే 1.028. ముందున్న ఒకటినీ సున్నానీ అందరికీ తెలిసినవేనని మింగేశారు. బ్యాటరీ మెకానిక్కు గొట్టంలోకి ఆసిడ్ లాగి ‘‘పన్నెండు యాభై’’ అంటాడు. అంటే 1.250, చార్జి బాగానే ఉంది. పెట్రోలు బంకు బోర్డు మీద డెన్సిటీ 745 అని రాసి ఉంటే అది ఘన మీటరుకు కిలోలు, 0.745. ముగ్గురూ చెప్పేది ఒకటే రకం సంగతి: 1.028, 1.250, 0.745. కానీ 28, 1250, 745 పక్కపక్కన రాస్తే పాలకన్నా పెట్రోలే ఇరవై ఏడు రెట్లు చిక్కన అనిపిస్తుంది. చమురు వ్యాపారంలో ఏపీఐ డిగ్రీలని ఇంకో పద్ధతి ఉంది. అందులో అంకె పెరిగేకొద్దీ నూనె తేలికవుతుంది, నీళ్లకి 10, ముడిచమురు 35 అంటే 0.85. తలకిందులుగా ఎందుకు పెట్టుకున్నారో పెట్టుకున్నారు.

బంకు బోర్డు అంకె 15 డిగ్రీల వేడి దగ్గరి లెక్క. మే నెలలో మన ఊళ్లో 40 డిగ్రీలున్నప్పుడు అదే పెట్రోలు ఉబ్బి 723 దగ్గరికి దిగుతుంది. అందుకే బంకులో సాంద్రత కొలిచే గొట్టంతోపాటు ఉష్ణమాపకం, ఒక పట్టిక కూడా ఉంటాయి. గొట్టం చూపిన అంకెని పట్టికలో వెతికి 15 డిగ్రీల అంకెగా మార్చి బోర్డు మీద వేస్తారు.

పాల విషయంలో భాష మనల్ని నేరుగా మోసం చేస్తుంది. చిక్కటి పాలంటే సాంద్రత ఎక్కువని అనుకుంటాం. కానీ వెన్న నీళ్లకన్నా తేలిక. అందుకే మీగడ పైకి తేలుతుంది. మీగడ తీసేసిన పాలలో లాక్టోమీటరు 35 దాకా పైకి లేస్తుంది. ఆ పాలలో నీళ్లు కలిపి మళ్లీ 28కి దించితే లాక్టోమీటరు వరకు అవి మంచి పాలే. వెన్నా పోయింది, నీళ్లూ చేరాయి, అంకె మాత్రం చెక్కుచెదరలేదు. అందుకే కేంద్రాల్లో వెన్న శాతం విడిగా కొలుస్తారు. సాంద్రత ఒక్కటే అంకె. దాని వెనక రెండు సంగతులు ఎదురెదురుగా కదిలితే అది ఏమీ చెప్పదు.

పాత గని లెక్కల్లో సాంద్రత తలకిందులుగా ఉండేది. ఘనపుటడుగుకు ఎన్ని పౌండ్లని కాకుండా టన్నుకి ఎన్ని ఘనపుటడుగులు అని రాసుకునేవారు. గనివాడికి కావాల్సింది అదే: ఇంత గొయ్యి తవ్వితే ఎన్ని టన్నులు? ఓడవాడికీ అదే: ఇన్ని టన్నులకి ఎంత చోటు? మన రాయి గట్టిగా ఉన్నప్పుడు ఇంగ్లీషు టన్నుకి 8 ఘనపుటడుగులు. పగలగొట్టి కుప్ప పోస్తే 14, 15. ఈ అంకె ఎంత చిన్నదైతే ఓడ అంత త్వరగా బరువెక్కి చోటు మిగిలిపోతుంది. గోగునార బేళ్లతో నింపితే చోటు అయిపోయి మోత మిగులుతుంది. 1933లో తెరిచిన విశాఖ హార్బరు తవ్విందే ప్రధానంగా మధ్య పరగణాల మాంగనీసు బయటికి పంపడానికి. ఆ సరుకు రాయపూర్ నుంచి విజయనగరం మీదుగా కొత్తగా వేసిన రైలు మార్గంలో దిగేది. ఓడరేవుల్లో ఈనాటికీ ఈ తలకిందుల సాంద్రతే నడుస్తోంది, కాకపోతే టన్నుకి ఘన మీటర్లలో.

మన దగ్గర మాంగనీసు తవ్వకం మొదలైంది 1892 ప్రాంతంలో. దేశంలో అదే మొదలు. కొన్నేళ్లకి ఇక్కడి గనులు చూడ్డానికి వచ్చినవాడు జియలాజికల్ సర్వేలో పనిచేసే లూయిస్ లీ ఫెర్మోర్. దేశంలోని మాంగనీసు నిక్షేపాల మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం 1909లో వచ్చింది. కోడూరు గనిలో గార్నెట్, ఫెల్‌స్పార్, ఎపటైట్ కలిసి ఉన్న ఒక వింత రాయికి ఆయన ఊరి పేరే పెట్టాడు: కోడూరైట్. అందులోని గార్నెట్‌కి స్పెస్సార్టైట్, ఆండ్రడైట్ అన్న రెండు పేర్ల ముక్కలు అతికి స్పాండైట్ అన్నాడు. మన చీపురుపల్లి పక్క పల్లె ఇలా భూగర్భశాస్త్ర పుస్తకాల్లోకి ఎక్కింది. ఆ రాయి ఎలా పుట్టిందన్న దాని మీద ఆయన చెప్పినదాన్ని తర్వాతివాళ్లు ఒప్పుకోలేదు, అది వేరే కథ.

మనకి కావాల్సింది 1913లో ఆయన రాసిన చిన్న వ్యాసం. గార్నెట్ అనే ఖనిజం భూమి లోపలి ఒత్తిడికి కొలబద్ద అన్నాడందులో. ఒకే రసాయన సరుకుతో గాబ్రో అనే రాయీ తయారవచ్చు, గార్నెట్ నిండిన ఎక్లోజైట్ అనే రాయీ తయారవచ్చు. మొదటిది 3 దగ్గర, రెండోది 3.4, 3.5. సరుకు అదే, తూకం అదే, చోటు తగ్గింది. లోతుకి పోయేకొద్దీ ఒత్తిడికి రాళ్లు ఇలా కుదించుకుంటాయని, మనకి కనపడే పొర కింద గార్నెట్ నిండిన పొర ఉండాలని ఆయన ఊహించాడు. ఇసుక కథకి ఇది సరిగ్గా తిరగేసిన కథ.

ఈ ఆలోచనకి వెనక ఒక పాత చిక్కు ఉంది. కాళ్ల కింది రాయి 2.7. మరి భూమి మొత్తం ఎంత? 1774లో నెవిల్ మాస్కెలిన్ స్కాట్లాండులోని షిహాలియన్ కొండ పక్కన లంబసూత్రం వేలాడదీసి, కొండ దాన్ని ఎంత పక్కకి లాగుతోందో కొలిచాడు. ఆ కొలతల మీద చార్లెస్ హటన్ కట్టిన లెక్కలో భూమి సగటు సాంద్రత నాలుగున్నర. నా బల్ల మీది గర్భాం ముక్క అంత! 1798లో హెన్రీ కావెండిష్ సీసపు గుండ్ల మధ్య ఆకర్షణని కొలిచి 5.48 అన్నాడు. ఆయన యంత్రం అద్భుతం, ఓపిక అద్భుతం, కూడికలోనే చిన్న పొరపాటు. ఆయన అంకెల్ని మళ్లీ లెక్కేసిన ఫ్రాన్సిస్ బెయిలీ అది 5.448 అని తేల్చాడు. ఇప్పుడు మనం వాడేది 5.51. కావెండిష్ లాంటివాడికే సగటు తీయడంలో చెయ్యి జారింది కాబట్టి మన పిల్లల్ని మరీ తిట్టక్కర్లేదు.

పై పొర 2.7, మొత్తం సగటు 5.51 అంటే లోపల ఎక్కడో చాలా ఎక్కువ ఉండి తీరాలి. ఉంది. నట్టనడుమ ఇనుప గుండం 13 దగ్గర ఉంటుంది. ఇనుము మామూలుగా 7.9, అక్కడి ఒత్తిడికి అంత కుదించుకుంది. ఇక్కడిదాకా ఘన సెంటీమీటరుకు గ్రాములన్న కొలమానం హాయిగా పనిచేసింది. అంకెలు పదమూడు దాటలేదు. ఇక ఊరు దాటాలి.

ఆకాశంలో అన్నిటికన్నా వెలిగే చుక్క సిరియస్. దాని పక్కన కంటికి కనపడని తోడు ఒకటుంది, సిరియస్ బి. సూర్యుడంత బరువు, భూమి కన్నా చిన్న ఒళ్లు. భాగిస్తే ఘన సెంటీమీటరుకు దాదాపు 24 లక్షల గ్రాములు. లూడో పాచికంత ముక్క 2.4 టన్నులు. ట్రాక్టరు ఇంజను కన్నా ఎక్కువే. ఇలాంటి చుక్కలు ఎంత బరువుదాకా నిలబడగలవో 1930లో ఇంగ్లండు పోతున్న ఓడలో కూర్చుని లెక్క కట్టడం మొదలుపెట్టినవాడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. వయసు పందొమ్మిది.

ఇంకా లోపలికి, పరమాణువు కేంద్రంలోకి పోదాం. అక్కడివాళ్లు గ్రాములూ సెంటీమీటర్లూ వాడరు. పొడవుకి ఫెర్మీ అంటారు, సెంటీమీటరుని పది లక్షల కోట్లతో భాగించగా వచ్చిన ముక్క. వాళ్ల భాషలో కేంద్రక పదార్థం ఘన ఫెర్మీకి 0.16 కణాలు. ఎంత చిన్న అంకె! మన భాషలోకి మార్చుదాం. ఒక కణం 1.67 గ్రాముని 1 పక్కన 24 సున్నాలతో భాగించినంత. సెంటీమీటరులో 13 సున్నాల ఫెర్మీలుంటే ఘన సెంటీమీటరులో 13 మూళ్ల 39 సున్నాల ఘన ఫెర్మీలు. 39లోంచి 24 పోతే 15 సున్నాలు. 0.16ని 1.67తో హెచ్చిస్తే 0.27. వెరసి ఘన సెంటీమీటరుకు 27 కోట్ల టన్నులు. 58 టన్నుల వ్యాగన్లు 58 కట్టిన గూడ్సు రైళ్లు దాదాపు 80 వేలు తెచ్చి, అందులోని ఖనిజమంతా ఆ లూడో పాచికలోకి కూరాలి. ఈ లెక్కలో నేను వాడింది ట్యాంకు దగ్గర చెప్పిన సూత్రమే, సున్నాలే ఎక్కువ.

ఇప్పుడు బయటివైపు. నక్షత్రాలు లెక్కించేవాళ్లకి తూకంరాయి సూర్యుడు, కొలమానిక పార్సెక్. ఘన పార్సెక్‌కి ఎన్ని సూర్యులు అని అడుగుతారు. మన సూర్యుడి చుట్టుపక్కల చుక్కలూ వాయువూ అన్నీ కలిపి ఘన పార్సెక్‌కి 0.1 సూర్యుడు అని అంచనా. దాన్ని మార్చేటప్పుడు ఒక గుంట ఉంది, చూసి దాటాలి. సూర్యుడి బరువు 2 పక్కన 33 సున్నాల గ్రాములు. పార్సెక్ అంటే 3.09ని పదితో 18 సార్లు హెచ్చించినన్ని సెంటీమీటర్లు. ఘనం చేసేటప్పుడు 18 మూళ్లు 54 అని సున్నాల పని చూసేసి, ముందున్న 3.09ని అలాగే వదిలేస్తారు. దానికీ ఘనం కట్టాలి, 29 దాటుతుంది. కట్టాక భాగిస్తే ఘన పార్సెక్‌కి ఒక సూర్యుడంటే ఘన సెంటీమీటరుకు 6.8 గ్రాములు, కింద 1 పక్కన 23 సున్నాలు. అందులో పదో వంతంటే నాలుగు హైడ్రోజన్ పరమాణువుల బరువు. లూడో పాచికంత చోటుకి నాలుగు పరమాణువులు. అంత చోటు గాలిలో ఉండే అణువులు 25 పక్కన 18 సున్నాలు.

విశ్వం మొత్తానికి సగటు తీసేవాళ్ల యూనిట్ ఇంకా పెద్దది. పది లక్షల పార్సెక్‌ల పక్కలున్న పెట్టెకి ఇన్ని సూర్యులు. వాళ్ల అంకె ఘనంగా 12,600 కోట్లు. అదే మన ట్యాంకులోకి తెస్తే ఘన మీటరుకు అయిదు హైడ్రోజన్ పరమాణువులు, అంతే. పన్నెండు వేల కోట్లూ అయిదూ ఒకటే సాంద్రత. ఒకవైపు 0.16 అన్న అంకె వెనక 27 కోట్ల టన్నులు, ఇంకోవైపు 12,600 కోట్లన్న అంకె వెనక పిడికెడు పరమాణువులు కూడా లేవు. ఈ రెండు కొసల మధ్య తేడా 3 పక్కన 43 సున్నాలు.

అన్నిటికన్నా నన్ను నిలబెట్టేసిన జంట ఇంకొకటుంది. కేంద్రక శాస్త్రజ్ఞులు బరువుని కూడా శక్తిలో చెబుతారు, గిగా ఎలక్ట్రాన్ వోల్టులని. వాళ్ల కేంద్రక పదార్థం 0.15. మన పాలపుంతలో కంటికి కనపడని కృష్ణపదార్థం సూర్యుడి దగ్గర ఎంత ఉందో అంచనా కట్టేవాళ్లూ అదే గిగా ఎలక్ట్రాన్ వోల్టుల్లో చెబుతారు. వాళ్ల అంకె 0.3 నుంచి 0.4. పక్కపక్కన పెడితే రెండోదే రెట్టింపు. కింద చూడండి: మొదటివాళ్లది ఘన ఫెర్మీకి, రెండోవాళ్లది ఘన సెంటీమీటరుకి. మధ్యలో 39 సున్నాలు. లాక్టోమీటరు 28, బంకు బోర్డు 745 పక్కపక్కన రాస్తే వచ్చిన తంటాయే ఇది, కాస్త పెద్ద ఎత్తున.

ఆ 0.3, 0.4ని తూకంలోకి దించితే ఎంతవుతుందో నాకు చూడాలనిపించింది. ఒక గిగా ఎలక్ట్రాన్ వోల్టు అంటే 1.78 గ్రాము, కింద 24 సున్నాలు. లూడో పాచికల లెక్కలో దాన్ని తూచే కాటా లేదు. కాబట్టి పెద్ద పాత్ర తీసుకుందాం. భూమి మొత్తాన్ని, ఉపరితలం నుంచి నడిమి ఇనుప గుండం దాకా. భూమి పరిమాణం 1,08,300 కోట్ల ఘన కిలోమీటర్లు. ఘన కిలోమీటరుకి ఘన సెంటీమీటర్లు 1 పక్కన 15 సున్నాలు, కాబట్టి మొత్తం 1.083ని పదితో 27 సార్లు హెచ్చించినన్ని. 27లోంచి 24 పోతే మిగిలేవి మూడు సున్నాలే. 1.083ని 0.3తో, 1.78తో హెచ్చించి పక్కన మూడు సున్నాలు పెడితే 580 గ్రాములు. 0.3కి బదులు 0.4 వేస్తే 770.

పాత తూకంలో వీశె అంటే 120 తులాలు, కిలో నాలుగు వందల గ్రాములు. భూగోళమంత కుంచంలో ఏ క్షణాన చూసినా ఉండే కృష్ణపదార్థం, అటూ ఇటూగా, అరవీశె.